మంచాన పడితే అయ్యే ఖర్చుకి ఇన్సూరెన్స్ రాదు: అమ్మానాన్నల కోసం డబ్బు ఎలా సర్దుకోవాలి

మీరు రాసింది నాకు అర్థమైనంతలో ఒకసారి చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. నాన్నగారికి 71, రిటైర్డ్ హెడ్మాస్టరు, పెన్షన్ చేతికి 45 వేలు వస్తోంది. అమ్మగారికి 66, షుగరు, బీపీ ఉన్నాయి. బ్యాంకులో 40 లక్షల ఎఫ్‌డీలు, తెనాలిలో సొంత ఇల్లు, కొల్లిపర దగ్గర ఎకరంన్నర పొలం. మీరు హైదరాబాద్‌లో, అన్నయ్య డాలస్‌లో. మీ పెద్దమ్మగారు పక్షవాతంతో మూడేళ్ళు మంచంలో ఉండి పోయారు, అది చూశాక మీకు భయం పట్టుకుంది. నాన్నగారికి ఈహెచ్‌ఎస్ కార్డు (ప్రభుత్వ ఉద్యోగులకీ పెన్షనర్లకీ ఉండే వైద్య పథకం) ఉంది, పైగా 10 లక్షల హెల్త్ పాలసీ ఉంది, ఇవి చాలవా అని అడిగారు.

చాలవమ్మా. అవి ఆసుపత్రి ఖర్చుకి. మీరు భయపడుతున్నది మంచం ఖర్చు గురించి. ఈ రెండూ ఒకటి కావు, చాలామంది ఒకటే అనుకుని అక్కడే దెబ్బతింటున్నారు.

నేను బ్యాంకులో 33 ఏళ్ళు పనిచేశాను, చివరి ఎనిమిదేళ్ళు బ్రాంచి మేనేజరుగా. మా అత్తగారికి 2016 నవంబర్‌లో, నోట్ల రద్దు జరిగిన రెండు వారాలకి, పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. 2023 మే దాకా, అంటే ఆరున్నరేళ్ళు, ఆవిడ మా ఇంట్లోనే మంచంలో ఉన్నారు. మావారికి ప్రతి రూపాయీ రాసే అలవాటు, నీలం అట్ట నోటుబుక్కులో మొదటి రోజు నుంచి రాశారు. అందులో మొదటి పేజీలో పదకొండు రోజుల ఆసుపత్రి బిల్లు ఉంది, 3 లక్షల 40 వేలు. దానిలో ఇన్సూరెన్స్ వాళ్ళు 3 లక్షల 10 వేలు ఇచ్చారు. ఆ తర్వాత పేజీలన్నీ ఇంటి ఖర్చే. డిశ్చార్జి అయిన తర్వాత రెండు నెలల మందుల బిల్లులు మటుకు పాలసీలో వచ్చాయి, అక్కడితో సరి. ఆరున్నరేళ్ళకి మొత్తం కూడితే 25 లక్షలు దాటింది. మేము ఏ రోజూ 25 లక్షలు ఖర్చు పెడుతున్నామని అనుకోలేదు, ఎందుకంటే అది నెలకి పాతిక వేలు, ముప్పై వేలు, ముప్పై అయిదు వేలుగా పోయింది.

హెల్త్ పాలసీలు ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి రాసినవి. డిశ్చార్జి తర్వాత అరవై రోజులో తొంభై రోజులో మందులకీ పరీక్షలకీ ఇస్తారు. ఇంట్లో వైద్యం అని కొన్ని పాలసీల్లో ఒక క్లాజు ఉంటుంది, అది కూడా ఆసుపత్రిలో చేరాల్సిన జబ్బుకి చేర్చలేని పరిస్థితిలో ఇంట్లోనే వైద్యం చేస్తే. అమ్మని పక్కకి తిప్పి పడుకోబెట్టే ఆయా జీతానికి, డైపర్లకి, అన్నం తినిపించేవాళ్ళకి అందులో పైసా రాదు. ఇలాంటి సంరక్షణకే ప్రత్యేకంగా ఇన్సూరెన్స్ ఉన్న దేశాలున్నాయి, జపాన్‌లో 2000 నుంచి ప్రభుత్వమే నడుపుతోంది. అమెరికాలో పెద్దవాళ్ళకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికేర్ కూడా ఈ రకం ఖర్చు పెట్టుకోదు, మీ అన్నయ్యని అడిగితే అక్కడి వాళ్ళ అవస్థ చెప్తారు. మన దగ్గర మాత్రం దీనికి మనమే ఇన్సూరెన్సు.

అలాగని ఉన్న పాలసీ మానేయకండి. పెద్దవాళ్ళ పాలసీ ఒక్కసారి వదిలేస్తే మళ్ళీ కొత్తగా తీసుకోవడం కష్టం. 65 దాటినవాళ్ళకి కూడా పాలసీ అమ్మేలా 2024లో నిబంధనలు మారిన మాట నిజమే కానీ ప్రీమియం, వెయిటింగ్ పీరియడ్ తప్పవు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ తీసేశారు కాబట్టి ఆ మేరకు భారం తగ్గింది. ఉన్నదాన్ని కొనసాగించండి, రెండో పాలసీకి పెట్టే డబ్బు మాత్రం మంచం ఖర్చుకని విడిగా దాచుకోండి. నాన్నగారికి పెన్షన్, ఈహెచ్‌ఎస్ లేకపోయి ఉంటే 70 దాటినవాళ్ళకి 2024 అక్టోబర్ నుంచి ఇస్తున్న ఆయుష్మాన్ కార్డు తీసుకోమనేదాన్ని, ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంటుంది. ఇది చదువుతున్న మిగతావాళ్ళు మీ ఇంట్లో డెబ్భై దాటినవాళ్ళకి ఆ కార్డు చేయించి పెట్టండి. అదీ ఆసుపత్రి ఖర్చుకే.

ఇప్పుడు లెక్క. మనిషి ఒకరు పూర్తిగా మంచాన పడితే హైదరాబాద్‌లో ఈరోజు నెలకి ఎంత అవుతుందో నేను ఈమధ్య మా చెల్లెలి అత్తగారి కోసం వాకబు చేశాను. ఇరవై నాలుగు గంటలూ ఉండే ఆయా ఏజెన్సీ ద్వారా అయితే 25 నుంచి 35 వేలు చెప్తున్నారు, మనం 28 వేలు వేసుకుందాం. డైపర్లు, అండర్‌ప్యాడ్లు, గ్లౌజులు, వైప్స్, పౌడరు కలిపి 6 వేలు. ఫిజియోథెరపిస్టు ఇంటికి వస్తే సిట్టింగుకి 500 చొప్పున నెలకి పన్నెండు సిట్టింగులు, 6 వేలు. మందులు 6 వేలు. ఆయా భోజనం, డాక్టరు ఇంటికి వచ్చినప్పటి ఫీజు, ఇంట్లో రక్త పరీక్షలు, ఎయిర్‌బెడ్ వల్ల పెరిగే కరెంటు, ఇవన్నీ 4 వేలు. మొత్తం 50 వేలు. తెనాలిలో ఆయా జీతం కాస్త తగ్గుతుంది, మిగతావి తగ్గవు. సంరక్షణ హోముల్లో పెట్టినా నేను కనుక్కున్న చోట్ల దగ్గరదగ్గర ఇంతే అవుతోంది, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ. అక్కడ డైపర్లు, మందులు విడిగా బిల్లు వేస్తారు, చేర్చే ముందు కాగితం మీద రాయించుకోండి.

దీనికి ముందు ఒకేసారి అయ్యే ఖర్చు ఒకటి ఉంది. తల ఎత్తి దించే మంచం, ఎయిర్‌బెడ్, వీల్‌చైర్, కమోడ్ కుర్చీ, బాత్రూములో పట్టుకునే కడ్డీలు, గడపలు తీసేసి వాలు కట్టించడం. లక్షన్నర పక్కన పెట్టుకోండి. మంచం మాత్రం కొత్తది కొనకండి, అద్దెకి దొరుకుతాయి, లేదా ఎవరింట్లోనో వాడి ఖాళీగా ఉన్నది సగం ధరకి ఇస్తారు. ఎయిర్‌బెడ్ మాత్రం కొత్తదే, మంచిదే కొనండి. దానిలో రెండు వేలు మిగుల్చుకుందామని చూసి మేము పడక పుండుకి డ్రెస్సింగుల మీద నాలుగు నెలలు ఖర్చు పెట్టాం. నడుము కింద రూపాయి బిళ్ళంత ఎర్రగా కమిలినప్పుడు మా ఆయా "ఏం కాదమ్మా, వేడి" అంది, నేనూ సరే అనుకున్నాను. పది రోజుల్లో అది నా బొటనవేలు దూరేంత లోతైంది. రోజుకి రెండుసార్లు వీపు, మడమలు, తుంటి మీరే చూసుకోవాలి, లేదా చూసేవాళ్ళు ఉండాలి. డబ్బు గురించి అడిగితే పుండు గురించి చెప్తున్నానని అనుకోకండి, ఆ నోటుబుక్కులో ఆయా జీతం తర్వాత పెద్ద ఖర్చు అదే.

మీ ఇంటి లెక్క ఇలా వస్తుంది. పెన్షన్ 45 వేలు, ఇద్దరి ఇంటి ఖర్చు 30 వేలు అని రాశారు, మిగిలేది 15 వేలు. ఒకరు మంచాన పడితే 50 వేలు కావాలి కాబట్టి నెలకి 35 వేలు తక్కువ పడుతుంది. ఎఫ్‌డీల్లో 4 లక్షలు అత్యవసరానికి అలాగే ఉంచి, మిగతా 36 లక్షలు పోస్టాఫీసులోగానీ బ్యాంకులోగానీ సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములోకి మార్చండి. 2023 ఏప్రిల్ నుంచి ఒక్కొక్కరికి పరిమితి 15 నుంచి 30 లక్షలకి పెంచారు, అమ్మగారికి కూడా 60 దాటాయి కాబట్టి ఆవిడ పేరున వేరే ఖాతా తెరవవచ్చు. వడ్డీ అప్పటి నుంచి 8.2 శాతం, ప్రతి మూడు నెలలకీ ప్రభుత్వం రేటు చూస్తుంది గనక మీరు వేసే రోజు ఎంత ఉందో చూసుకోండి, వేసిన రోజు రేటే అయిదేళ్ళూ ఉంటుంది. 36 లక్షల మీద 8.2 శాతం అంటే ఏడాదికి 2,95,200, నెలకి 24,600. మూడు నెలలకోసారి ఖాతాలో పడుతుంది. ఇంకా పది వేలు చిల్లర తక్కువ. మీరూ అన్నయ్యా చెరో అయిదు వేల చిల్లర వేసుకుంటే సరిపోతుంది.

అయిదేళ్ళు డబ్బు ఇరుక్కుపోతుందని నాన్నగారు అంటారు, మా బ్రాంచికి వచ్చే ప్రతి పెన్షనరూ అదే అనేవారు. ఇరుక్కోదు. ఏడాది దాటాక తీస్తే అసలులో ఒకటిన్నర శాతం, రెండేళ్ళు దాటాక తీస్తే ఒక శాతం కోస్తారు, అంతే. పన్ను గురించి కూడా టెన్షన్ పడక్కర్లేదు. కొత్త పద్ధతిలో ఆదాయం 12 లక్షల దాకా పన్ను పడదు, ఈ పెన్షన్, ఈ వడ్డీ కలిపినా ఎనిమిది లక్షల చిల్లర. వడ్డీలో ముందే పన్ను (టీడీఎస్) కోయకుండా ఏటా ఏప్రిల్‌లో ఇచ్చే ఫారం మరిచిపోకండి.

36 లక్షలూ నాన్నగారి ఒక్కరి పేరున పెట్టకండి, సగం అమ్మగారి పేరున ఉండాలి. చాలామంది చూడని లెక్క ఇక్కడ ఉంది. నాన్నగారు ముందు పోతే 45 వేల పెన్షన్ రాదు. ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది, మామూలుగా పెన్షన్ చివరి జీతంలో సగమైతే ఫ్యామిలీ పెన్షన్ 30 శాతం, అంటే ఉరామరిగా 45 కాస్తా 27 వేలు అవుతుంది. కచ్చితంగా ఎంతో ఆయన పీపీఓ పుస్తకంలోనే (పెన్షన్ మంజూరు చేస్తూ ఇచ్చినది) రాసి ఉంటుంది, తీసి చూడండి. మన ఇళ్ళల్లో ఎక్కువగా భర్త పెద్ద, భార్య చిన్న. ఆయన జబ్బు పడితే ఆవిడ చేస్తుంది, ఆవిడ జబ్బు పడేసరికి ఆయన ఉండడు, పెన్షన్ దాదాపు సగానికి దిగుతుంది. కాబట్టి మీరు ప్లాన్ చేయాల్సింది నాన్నగారి కోసం కాదు, ఒంటరిగా మిగిలిన అమ్మగారి కోసం. 27 వేల పెన్షన్, 20 వేల ఇంటి ఖర్చు, 50 వేల మంచం ఖర్చు, 24,600 వడ్డీ అని వేసి చూడండి, నెలకి 18 వేల పైచిలుకు తక్కువ వస్తుంది. మీ ప్లానుకి అసలు పరీక్ష ఇదే.

పైగా ఇదంతా ఈరోజు ధరల్లో. 2016లో మా ఇంట్లో ఆయాకి 14 వేలు ఇచ్చాం, 2023లో ఆఖరి నెల 24 వేలు ఇచ్చాం. ఏడాదికి 7 శాతం చొప్పున పెరిగితే ఈనాటి 50 వేలు పదేళ్ళకి 98 వేలవుతుంది. పెన్షన్‌కి డీఏ పెరుగుతుంది, వడ్డీ పెరగదు. అందుకని మొదటి రెండు మూడేళ్ళు వడ్డీతో గడిచినా ఆ తర్వాత అసలు తినక తప్పదు. అసలు తినడం పాపమేమీ కాదు, ఆ డబ్బు ఆయన కూడబెట్టింది ఇందుకే. అయితే ఎంతకాలం తినొచ్చో తెలియాలి. నేనైతే ఒక్కొక్కరికి అయిదేళ్ళు వేసుకుంటాను. మతిమరుపు జబ్బయితే ఇంకా ఎక్కువే పట్టవచ్చు.

అందుకే పొలం మాట. ఎకరంన్నర పొలం కౌలు మీద ఏడాదికి ఏదో కొంత వస్తోందని, తాతగారి ఆస్తి అని అమ్మడానికి నాన్నగారికి మనసొప్పదని రాశారు. ఇప్పుడే అమ్మమని నేను చెప్పను. కాకపోతే రెండో మెట్టు ఈ పొలమేనని ఇంట్లో అందరూ ఇప్పుడే ఒప్పుకోవాలి. పాస్‌బుక్కు, సర్వే నంబరు, సరిహద్దులు, ఆన్‌లైన్‌లో పేరు, అన్నీ నాన్నగారు తిరగగలిగినప్పుడే సరిచేయించండి. మంచంలో మనిషి ఉన్నాక తొందరపడి అమ్మే పొలానికి ఎవరూ సరైన ధర ఇవ్వరు, ఊళ్ళో అందరికీ మీ అవసరం తెలిసిపోతుంది. ఊరి హద్దు దాటిన నిజమైన వ్యవసాయ భూమి అయితే అమ్మినప్పుడు లాభం మీద పన్ను పడదు, పట్టణానికి ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది, ఆడిటరుకి చూపించండి.

ఇల్లు మాత్రం ఎవరి పేరునా రాయించకండి. ఇది చాలా గట్టిగా చెప్తున్నాను. "ఎప్పటికైనా పిల్లలదే కదా, ఇప్పుడే గిఫ్ట్ రాసేస్తే తలనొప్పి ఉండదు" అని బంధువులెవరో ఒకరు సలహా ఇస్తారు. మీరిద్దరూ మంచివాళ్ళే అయి ఉంటారు, అయినా వద్దు. వీలునామా రాస్తే చాలు, అది ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, గిఫ్ట్ డీడ్ అలా మార్చలేం. ఇప్పటికే రాసేసినవాళ్ళు ఇది చదువుతుంటే, 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ చూడండి. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ దస్తావేజు రద్దు చేయించవచ్చు, ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌లోనే. కానీ ఆ షరతు దస్తావేజులో ఉందా లేదా అన్న దాని మీద 2022లో సుప్రీంకోర్టులో ఒక తల్లి కేసు పోయింది. 2025 జనవరిలో మరో తల్లి కేసులో అదే కోర్టు గిఫ్ట్ డీడ్ రద్దు చేసి ఆస్తి తిరిగి ఇప్పించింది. తప్పదు, రాయాల్సిందే అనుకుంటే "జీవితాంతం పోషించాలి, వైద్యం చేయించాలి" అని ఆ కాగితంలోనే రాయించండి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకి రాలేని మనిషి అయితే ఫీజు కట్టి రిజిస్ట్రారునే ఇంటికి పిలిపించవచ్చు, చాలామందికి తెలియదు.

ఇల్లు అమ్మకుండా ఇంటి మీద నెలనెలా డబ్బు తెచ్చుకునే రివర్స్ మార్టుగేజీ అని ఒకటి 2007 నుంచి ఉంది. అరవై దాటినవాళ్ళు, తమ పేరున ఉండి తామే ఉంటున్న ఇంటి మీద బ్యాంకు నెలకింత ఇస్తుంది, ఇద్దరూ పోయేదాకా ఖాళీ చేయమనరు, తర్వాత వారసులు అప్పు తీర్చి ఇల్లు ఉంచుకోవచ్చు, లేకపోతే బ్యాంకు అమ్ముకుని మిగిలింది వారసులకి ఇస్తుంది. ఆ డబ్బు మీద పన్ను లేదు. మంచి పథకమే, నా సర్వీసులో మాత్రం అడిగినవాళ్ళు ముగ్గురే, తీసుకున్నది ఒక్కరే. ఆ ఒక్కావిడకి పిల్లలు లేరు. మీకిది మూడో మెట్టు, పొలం తర్వాత. తెనాలి ఇంటికి ఎంత ఇస్తారో ఒకసారి అడిగి ఉంచుకోండి.

ఇంతవరకు డబ్బు ఎక్కడ ఉందన్న మాట. అవసరానికి చేతికి వస్తుందా అన్నది వేరే మాట. బ్యాంకు కౌంటరు ఇవతలా అవతలా చూశాను కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్తాను.

మా అత్తగారి ఫ్యామిలీ పెన్షన్ ఆవిడ ఒక్కరి పేరున వేరే బ్యాంకులో ఉండేది. సంతకం పెట్టే చెయ్యే పడిపోయింది. ఆవిడని తీసుకొస్తేగానీ డబ్బు ఇవ్వమన్నారు అక్కడ. ఆ రోజుల్లో నా బ్రాంచిలో నోట్ల కోసం వీధి చివరిదాకా లైను, నేను కదలలేను. మా మరిది ఆవిడని ఆటోలో తీసుకెళ్ళి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, వాచ్‌మన్‌తో కలిసి నాలుగు మెట్లు ఎత్తాడు. చీర జారిపోతుంటే ఎడం చేత్తో పట్టుకోలేక, లైనులో తెలిసినవాళ్ళందరూ చూస్తుంటే ఆవిడ తల వంచుకుని ఏడ్చారట. ఇంటికి వచ్చాక రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ బ్యాంకు వాళ్ళు అలా రప్పించాల్సిన పనే లేదు. సంతకం పెట్టలేనివాళ్ళు వేలిముద్ర వేయవచ్చు, అదీ కుదరకపోతే కాలి బొటనవేలి ముద్ర వేయవచ్చు, ఇద్దరు సాక్షులుంటే చాలు, వాళ్ళలో ఒకరు బ్యాంకు మనిషి. ఇది రిజర్వు బ్యాంకు చెప్పినదే. డెబ్భై దాటినవాళ్ళకీ, కదల్లేనివాళ్ళకీ ఇంటికే వచ్చి సేవలు అందించాలని కూడా ఆ మరుసటి ఏడాది, 2017లో, చెప్పింది. తర్వాత నేను వెళ్ళి గట్టిగా అడిగితే వాళ్ళ ఆఫీసరు ఇంటికే వచ్చాడు. మీరు మొదటి రోజే అడగండి, రాతపూర్వకంగా అడగండి.

చెయ్యి పడిపోతే వేలిముద్ర ఉంది. మతి పోతే ఏ ముద్రా పనికిరాదు. నా దగ్గరికి ఒకాయన్ని కొడుకు తీసుకొచ్చాడు, 18 లక్షల ఎఫ్‌డీ, ఒక్కడి పేరున. ఫారం మీద సంతకం పెట్టబోతూ ఆయన నన్ను చూసి "ఎవరమ్మా మీరు, ఈ ఇల్లు ఎవరిది" అన్నాడు. పదేళ్ళుగా నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగిన మనిషి. నేను ఆ ఫారం వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. కొడుకు నామినీయే, కానీ నామినీకి హక్కు ఖాతాదారు పోయాకే. జీపీఏ (తన తరఫున పనులు చేయమని రాసిచ్చే అధికార పత్రం) ఉందన్నాడు, అది కూడా చెల్లదు, మన చట్టంలో రాసిచ్చినవాళ్ళ మతి స్థిమితం పోయిన రోజే జీపీఏ పోతుంది. మీ అన్నయ్య అమెరికా నుంచి జీపీఏ తయారుచేయించి పంపుతానన్నారని రాశారు కదా, దాని మీద మొత్తం భారం వేయకండి. ఆ కుటుంబం హైకోర్టుకి వెళ్ళి గార్డియన్‌గా ఆర్డరు తెచ్చుకునేసరికి ఏడాది దాటింది. ఆ ఏడాదంతా 18 లక్షలు బ్యాంకులో ఉండగా కొడుకు మూడు రూపాయల వడ్డీకి బయట అప్పు చేశాడు.

కాబట్టి సేవింగ్స్ ఖాతా నాన్నగారు, అమ్మగారు, మీరు ముగ్గురి పేరున, ఎవరైనా తీయగలిగేలా మార్పించండి. పెన్షన్ పడే ఖాతా అయితే అమ్మగారితో జాయింటు చాలు, వేరే ఇంకొకటి మీతో తెరవండి. ఎఫ్‌డీల సంగతి ఇంకో మెలిక. ఇద్దరిలో ఎవరైనా అని రాసి ఉన్నా, గడువు తీరాకే ఒక్కరి సంతకంతో ఇస్తారు. గడువుకి ముందు తీయాలంటే మామూలుగా ఇద్దరి సంతకాలూ అడుగుతారు. ఒకరికి మతి పోతే ఆ రెండో సంతకం ఎక్కడి నుంచి తెస్తారు? అందుకని ఆ నాలుగు లక్షలు ఒకే ఎఫ్‌డీగా అయిదేళ్ళకి వేయకుండా, యాభై వేల చొప్పున ముక్కలు చేసి మూడు నెలలకోసారి ఒకటి గడువు తీరేలా, తీరగానే డబ్బు తనంతట తనే జాయింటు సేవింగ్స్‌లో పడేలా రాయించండి. చిన్న పని, ఒక పూట పడుతుంది.

ఆయాల విషయం కొంచెం. మాకు మొదట్లో ఒక ఏజెన్సీ పదిహేను వేలు అడ్వాన్సు తీసుకుని నెలలో ముగ్గురిని మార్చింది, అడ్వాన్సు తిరిగి రాలేదు. ఏజెన్సీకి నెల జీతం కంటే ఎక్కువ ముందు ఇవ్వకండి. మంచి మనిషి దొరికితే ఆవిడ జీతం ఆవిడ ఖాతాలోనే వేయండి, వారానికి ఒక పూట సెలవివ్వండి, ఏటా ఎంత పెంచుతారో ముందే చెప్పండి. మా సత్తెమ్మ (అసలు పేరు వేరే) శ్రీకాకుళం వైపు నుంచి వచ్చింది, నాలుగేళ్ళు ఉంది. సంక్రాంతికి పదిహేను రోజులు ఊరు వెళ్ళేది, ఆ పదిహేను రోజులకి ఇంకో మనిషి రెట్టింపు అడిగేవారు. బడ్జెట్‌లో ఏడాదికి పన్నెండు నెలలు కాదు, పదమూడు నెలల జీతం రాసుకోండి.

ఇంకొకటి, ఎవరూ కాగితం మీద రాయనిది. ఇంట్లో చేసేవాళ్ళ కష్టం. మా ఆడపడుచు ప్రైవేటు స్కూల్లో టీచరు, వాళ్ళమ్మ కోసం ఉద్యోగం మానేసి మా ఇంట్లో రెండేళ్ళు ఉంది. కూతురే కదా, చేస్తుందిలే అని అందరం అనుకున్నాం, నేనూ అనుకున్నాను, ఆ రెండేళ్ళు నా ఉద్యోగం సాగింది ఆవిడ వల్లే. ఆవిడకి నెలకి ఒక రూపాయి ఇవ్వాలని మాలో ఒక్కరికీ తోచలేదు. తర్వాత ఆవిడకి మళ్ళీ ఉద్యోగం దొరకలేదు. ఇప్పటికీ ఆవిడ ఏమీ అనదు, నాకు మాత్రం ఆవిడని చూస్తే గొంతు పట్టేస్తుంది. మీ ఇంట్లో అన్నయ్య దూరంగా ఉన్నారు కాబట్టి ఇది మీ మీదే పడుతుంది. మీరు ఉద్యోగం తగ్గించుకున్నా, సెలవులు పెట్టుకున్నా, తెనాలి వెళ్ళి ఉన్నా, దానికి అమ్మానాన్నల ఖాతా నుంచి నెలకింత తీసుకోండి, అన్నయ్యకి తెలిసేలా, ముందే మాట్లాడుకుని. సిగ్గుపడకండి. ఆయాకి ఇచ్చే 28 వేలు ఖర్చయినప్పుడు మీరు చేసేదీ ఖర్చే.

అన్నయ్య వాటా విషయంలో అవసరం వచ్చినప్పుడు పంపుతాలే అన్న మాట వద్దు. ఇప్పటి నుంచే నెలకి ఒక మొత్తం, ఎంత చిన్నదైనా, అమ్మగారి పేరున ఉన్న ఖాతాలోకి వచ్చేలా పెట్టించండి. మీరూ అంతే వేయండి. చెరో పది వేలు అయిదేళ్ళు వేస్తే వడ్డీ కాకుండానే 12 లక్షలు. ఆ 18 వేల లోటుకి అయిదేళ్ళ పైన సరిపోతుంది. అమ్మానాన్నలకి ఇచ్చిన డబ్బు మీద వడ్డీ వాళ్ళ ఆదాయమే, మీకు పన్ను రాదు.

పెన్షన్, పొలం ఏమీ లేని ఇళ్ళ నుంచి కూడా ఎవరైనా చదువుతుంటే: ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్ళకి నెలకి 15 వేల పెన్షన్ ఇస్తున్నారు, మామూలు వృద్ధాప్య పెన్షన్ 4 వేలే. 4 వేలు తీసుకుంటూ మంచాన పడినవాళ్ళు ఇది తెలియక అలాగే ఉండిపోతున్నారు. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంతో డాక్టర్లు తేల్చి ఇచ్చేది) కోసం మీ గ్రామ, వార్డు సచివాలయంలో స్లాటు అడగండి. ఆఖరి దశలో క్యాన్సరు ఉన్నవాళ్ళకి హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ఆసుపత్రి పాలియేటివ్ విభాగం (బాధ తగ్గించి చూసుకునేది), స్పర్శ్ హాస్పిస్ ఉన్నాయి, స్పర్శ్‌లో డబ్బు తీసుకోరు. ఇంట్లో పెద్దవాళ్ళని చూడకపోయినా, ఆస్తి కోసం వేధిస్తున్నా 14567కి ఫోన్ చేయవచ్చు.

మీ అన్నయ్య డిసెంబర్‌లో మూడు వారాలు వస్తున్నారని రాశారు. మొదటి వారంలోనే నలుగురూ కూర్చుని నాన్నగారినే అడగండి, "మీకు అలా జరిగితే ఎక్కడ ఉండాలనుంది, తెనాలిలోనా, నా దగ్గరా" అని. మా అత్తగారిని మేము ఎప్పుడూ అడగలేదు, మాట పోయాక అడగడానికి లేకపోయింది. ఆయన జవాబుని బట్టి లెక్క మారుతుంది, తెనాలే అంటే కింద గదికి బాత్రూము కట్టించాలి, మీ దగ్గరంటే లిఫ్టు ఉన్న ఇల్లు చూడాలి. రెండో వారంలో బ్యాంకు, పోస్టాఫీసు, వీలునామా. నాన్నగారు, అమ్మగారు ఇద్దరి ఆధార్, పాన్, మూడేసి ఫొటోలు, పీపీఓ పుస్తకం తీసుకుని పదిన్నరకల్లా వెళ్ళండి, మధ్యాహ్నం అయితే పని సగంలో ఆగుతుంది. పీపీఓలో ఫ్యామిలీ పెన్షన్ దగ్గర ఎంత రాసి ఉందో చూసి ఇక్కడ పెట్టండి, అసలు అంకెతో లెక్క మళ్ళీ వేసి ఇస్తాను.